రామేశ్వరంలో లాడ్జి, సింగానల్లూరులో లెక్క

రామేశ్వరం ఒక దీవి అన్న సంగతి అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళలో చాలామందికి మనసులో నిలవదు. పాంబన్ వంతెన మీద రెండు ఫోటోలు, అగ్నితీర్థంలో మునక, గుడిలో 22 తీర్థాల స్నానం, స్వామి దర్శనం, ధనుష్కోటి, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. దీవి అంటే ఏమిటో రోజూ తెలిసేది పన్నెండు నెలలూ అక్కడే ఉండి, వచ్చినవాళ్ళకు గది తాళం, బకెట్టు నీళ్ళు, ఉతికిన దుప్పటి అందించేవాళ్ళకు.

కోయంబత్తూరు, మధుర చుట్టుపక్కల తెలుగువాళ్ళు విజయనగర రాజుల కాలంలో, మధుర నాయకుల కాలంలో దక్షిణానికి దిగివచ్చినవాళ్ళు. నల్లరేగడి దున్ని పత్తి పండించారు. 1888లో స్టేన్స్ మిల్లుతో కోయంబత్తూరులో నూలు మిల్లుల కాలం మొదలయ్యాక కొందరు మిల్లులు కట్టారు, చాలామంది ఆ మిల్లుల్లో షిఫ్టులకు వెళ్ళారు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతుంటే దొరికిన దారి పట్టారు. అలా సింగానల్లూరు నుంచి రామేశ్వరం చేరి, గుడికి కూతవేటు దూరంలో పదకొండు గదుల లాడ్జి పెట్టుకున్న ఒక ఇంటిని ఊహించుకోండి. ఆ ఇంటి కోడలు ఒకరు. సింగానల్లూరులోనే ఉండిపోయి, మిల్లు ఆఫీసులో లెక్కలు రాసి రిటైరైన ఆడబిడ్డ ఒకరు. మనుషులు కల్పితం. వాళ్ళు చెప్పుకునే పని, కాలం, కష్టం అక్కడివే.

ఆడబిడ్డ: మోకాలు అరిగిపోయిందనీ, మెట్లు ఎక్కొద్దనీ డాక్టరు నా ఎదుటే చెప్పాడు గదా వదినా. మూడంతస్తుల లాడ్జి, లిఫ్టు లేదు. ఇంకెట్లా నడుపుతావు? లీజుకు ఇచ్చేయండి. అడిగేవాళ్ళు ఉన్నారు. నెల పుట్టగానే అద్దె బ్యాంకులో పడుతుంది. నువ్వూ అన్నా ఇక్కడికి వచ్చేయండి.

వదిన: లీజు మాట మీ అన్న దగ్గర ఎత్తకు తల్లీ. ఆ పూట అన్నం ముట్టడు.

ఆడబిడ్డ: అన్నతో తర్వాత మాట్లాడతా. మెట్లు ఎక్కేది నువ్వు. ముందు నీతో తేల్చుకోవాలి.

వదిన: అరవవాళ్ళ ఆని నెల గనుక ఈ నాలుగు రోజులైనా రాగలిగాను. బళ్ళు తెరిచారు, జనం పలచబడ్డారు. వచ్చే నెల ఆడి అమావాస్యకు మళ్ళీ గదులన్నీ నిండుతాయి. తర్వాత మహాలయ అమావాస్య, కార్తీకం. అది అయ్యేలోపే అయ్యప్పస్వాములు. శబరిమల చూసుకుని మనవాళ్ళు వ్యాన్లలో నేరుగా రామేశ్వరమే వస్తారు. సంక్రాంతి తర్వాత వచ్చే తై అమావాస్య దాటేదాకా నాకు పగలూ రాత్రీ తేడా తెలీదు.

ఆడబిడ్డ: ఆ ఒక్క అమావాస్య రోజు నువ్వేం చేస్తావో చెప్పు. నేను రాసుకుంటా.

వదిన: రాసుకుంటావా? సరే, రాసుకో. మూడున్నరకు లేస్తా. అయిదింటికి గుడిలో స్ఫటికలింగ దర్శనం. అంతకుముందే సముద్రానికి పోవాలనేవాళ్ళు ఉంటారు. వేడినీళ్ళు అడిగేవాళ్ళు, పిల్లకు పాలు అడిగేవాళ్ళు, పురోహితుడు ఎక్కడ దొరుకుతాడని అడిగేవాళ్ళు. వాళ్ళు అటు వెళ్ళగానే మెట్ల మీద గోనెపట్టాలు పరుస్తా. ఎందుకంటావా? తిరిగొచ్చేటప్పుడు అందరూ నిలువునా తడిసి వస్తారు. ఒక్కో తీర్థం దగ్గర నెత్తిన బకెట్టు నీళ్ళు పోయించుకుని, అదే బట్టలతో లాడ్జికి నడిచొస్తారు. తడిబట్టలతో స్వామి ముందుకు పోకూడదు గనుక పొడిబట్టలు కట్టుకుని మళ్ళీ గుడికి పోవాలి. నున్నటి మెట్లు, ముసలి కాళ్ళు, పైన నీళ్ళు. గోనెపట్టా లేకపోతే ఎవరిదో ఒకరి తుంటి విరుగుతుంది.

గడప దగ్గర రెండు బకెట్లు పెడతా, పాదాల ఇసుక అక్కడే కడుక్కోండమ్మా అని. సగంమంది కడుక్కోరు. ఆ ఇసుకంతా బాత్రూములోకి పోతుంది. తర్పణాలు వదిలినవాళ్ళ పంచెలకు, కొంగులకు అంటుకున్న నువ్వులు, దర్భముక్కలు కూడా దానితోపాటే పోతాయి. అన్నీ జాలీలో ఇరుక్కుని నీళ్ళు నిలుస్తాయి. నువ్వులు నానితే చీపురుకు రావు. జాలీ ఎత్తి, వేళ్ళతో తీయాల్సిందే. పదకొండు గదులు, పదకొండు జాలీలు. అప్పటికే కింద కొత్తవాళ్ళు సామాను దించుకుని కూర్చునుంటారు. వాళ్ళు విసుక్కునేలోపు దుప్పట్లు మార్చాలి, నేల తుడవాలి. ఉప్పుగాలికి ఎంత తుడిచినా నేల పాదానికి జిగురుగానే తగులుతుంది. బోరునీళ్ళు ఉప్పన, సబ్బు నురగ రాదు. దుప్పటి తెల్లగా ఉండాలంటే ఆఖరి జాడింపు కొన్న నీళ్ళలో చేయాలి. నీళ్ళ లారీ ఎప్పుడొస్తుందా అని ఒక చెవి వీధిలోనే పెట్టుకోవాలి.

ఆడబిడ్డ: ఆ తర్వాత?

వదిన: మధ్యాహ్నం వంట. మన లాడ్జిలో హోటలు లేదు. అయినా గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన సాంబారు అన్నం ముట్టను, పప్పూ ఆవకాయా ఉంటే చాలమ్మా అంటే ఏం చేస్తాం? మనకు వండేదాంట్లోనే ఇంకో గిద్దెడు వేస్తా. రాత్రి పదకొండుకో పన్నెండుకో ఒక బస్సు దిగుతుంది. తలుపు తీయాలి, రిజిస్టరు రాయాలి, ఆధార్ జిరాక్సు తీసుకోవాలి. మీ అన్నకు బీపీ వచ్చినప్పటినుంచి రాత్రి కౌంటరూ నాదే.

ఆడబిడ్డ: చూడు, రాశాను. గదులు సర్దే మనిషి ఒకరు, దుప్పట్లు ఉతికే మనిషి ఒకరు, వంటమనిషి ఒకరు, రాత్రి కౌంటరులో ఒకరు. నాలుగు జీతాల పని నువ్వు చేస్తున్నావు. అన్న ప్రతి మార్చిలో నాకు పంపే లెక్కల పుస్తకంలో కరెంటు ఉంది, నీళ్ళ లారీ ఉంది, మునిసిపాలిటీ పన్ను ఉంది, ఏసీ గ్యాసు నింపిన ఖర్చు ఉంది. నీ జీతం అన్న వరస ఒక్కటీ లేదు. ఆ నాలుగు జీతాలూ వేసి చూస్తే ఈ లాడ్జికి లాభమే లేదు. ముప్పై ఏళ్ళుగా లాభమని అందరం అనుకుంటున్నది నీ కూలి.

వదిన: ఇంటి పనికి ఎవరైనా జీతం వేసుకుంటారా?

ఆడబిడ్డ: ఇల్లు కాదు వదినా అది, లాడ్జి. పదకొండు ఇళ్ళవాళ్ళు రోజూ మారిపోయే ఇల్లు ఎక్కడైనా ఉందా?

వదిన: నీకు కాగితం మీద అంకెలు కనిపిస్తాయి. నాకు మనుషులు కనిపిస్తారు. మీ నాయన ఎందుకు అక్కడికి పోయారో మరిచిపోయావా? 1988 గాంధీ జయంతినాడు పాంబన్‌లో రోడ్డు వంతెన తెరిచారు. అంతకుముందు దీవిలోకి పోవాలంటే రైలు, లేకపోతే పడవ. వంతెన పడ్డాక బస్సులు దీవిలోకి రావడం మొదలైంది. ఇక్కడ మిల్లులో మనుషుల్ని తగ్గిస్తున్నారు. చేతికొచ్చిన డబ్బు పట్టుకుని మీ నాయన రామేశ్వరం పోయి చూసుకొచ్చారు. తెలుగు యాత్రికులు సత్రం అరుగుల మీద పడుకునున్నారట. అరవం రాదు, అడిగేందుకు మనిషి లేదు. మన మాట తెలిసిన చోటు ఒకటి ఉంటే చాలు, జనం వెతుక్కుంటూ వస్తారు అన్నారు. వచ్చారు గదా?

ఆడబిడ్డ: వచ్చారు. కాదనను.

వదిన: మధురను ఏలిన రాణి మంగమ్మ కట్టించిన సత్రం అక్కడి రైల్వే స్టేషను ఎదురుగా ఇప్పటికీ ఉంది. అంతకు ముందు 1605లో, మధుర నాయకుడు ముత్తుకృష్ణప్ప సడైక్క తేవరును సేతుపతిగా, అంటే రామనాథపురం పాలకుడిగా నిలబెట్టింది దేనికి? రామేశ్వరం పోయే యాత్రికుల్ని దారిదోపిడీల నుంచి కాపాడమని గదా. ఈ దారిలో యాత్రికుడికి నీడ ఇవ్వడం మనవాళ్ళు నాలుగు వందల ఏళ్ళుగా చేస్తున్న పని. దాన్ని ఎవరో కంపెనీకి అప్పజెప్పి వచ్చి ఇక్కడ టీవీ ముందు కూర్చోమంటావా?

ఆడబిడ్డ: మంగమ్మ సత్రాలు కట్టించింది, నిజం. వాటికి మాన్యాలు కూడా రాసింది. పొలం మీద వచ్చే ఆదాయంతో వంటవాడికి, ఊడ్చేవాడికి, నీళ్ళు మోసేవాడికి కూలి ముట్టేది. ఒక కోడలి మోకాలి మీద ఆమె సత్రం నడపలేదు. ధర్మం అన్న మాట వచ్చినప్పుడల్లా దానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో కూడా అడగాలి. మన ఇళ్ళలో అడగం. ఆడవాళ్ళు పెట్టుకుంటారు గనుక అడగం.

వదిన: ఒక సంగతి చెబుతా, విను. రాజమండ్రి దగ్గర పల్లెటూరి ముసలావిడ ఒకతె, చంకలో సంచీతో రాత్రిపూట వచ్చింది. సంచీలో భర్త అస్థికలు. కొడుకులు దుబాయిలో ఉన్నారట, రాలేకపోయారు. నాలుగు లాడ్జీలు తిరిగొచ్చింది. ఒంటరిగా వచ్చినవాళ్ళకు గది ఇవ్వరు అక్కడ. గుడి ఊళ్ళలో అంతే. బతుకు మీద విసిగి వచ్చి గదిలో ఏ అఘాయిత్యమో చేసుకుంటారని భయం. పోలీసులు, స్టేషను, కేసు, ఎవరికి కావాలి? ఆమెను మా గది పక్కన కింది గదిలో పెట్టా. రాత్రంతా తలుపు ఓరగా తీసి ఉంచమన్నా. పొద్దున్నే పురోహితుణ్ణి నేనే మాట్లాడి, సముద్రం దాకా తోడెళ్ళా. కంపెనీకి లీజుకిస్తే ఆమెకు గది ఎవరిస్తారు? వాళ్ళ కంప్యూటరులో ఒంటరి ముసలమ్మకు చోటుంటుందా?

ఆడబిడ్డ: ఉండదు. అక్కడ నువ్వు గెలిచావు వదినా. దానికి నా దగ్గర జవాబు లేదు.

వదిన: కాశీయాత్ర చేసేవాళ్ళు రామేశ్వరంలో సేతువు దగ్గర ఇసుక తీసుకుపోయి గంగలో కలుపుతారు. అక్కణ్ణించి గంగ తెచ్చి మళ్ళీ రామేశ్వరంలో స్వామికి అభిషేకం చేస్తారు. అంటే ప్రతివాళ్ళూ రెండుసార్లు రావాలి. మొదటిసారి మా గడప తొక్కినవాళ్ళు రెండోసారి ఇంకో లాడ్జికి పోయింది అరుదు. అది ఏ పుస్తకంలో రాస్తావు?

ఆడబిడ్డ: పుస్తకంలో దాన్ని గుడ్‌విల్ అని రాస్తారు, దానికి వెల కడతారు. ఆ వెల అన్న పేరు మీద పడుతుంది. సరే, దాన్ని పక్కన పెట్టు. దీవి సంగతి మాట్లాడదాం. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫానుకు ధనుష్కోటి కొట్టుకుపోయింది. అక్కడ రైలు స్టేషను ఉండేది, కస్టమ్స్ ఆఫీసు ఉండేది, సిలోను పడవెక్కే వాళ్ళకు సత్రాలు, హోటళ్ళు ఉండేవి. తెల్లారేసరికి ఏమీ లేదు. ఇక మనుషులు ఉండటానికి పనికిరాదని సర్కారే చెప్పింది. మీ లాడ్జి నుంచి అది ఎంత దూరం?

వదిన: ఇరవై కిలోమీటర్లు ఉండొచ్చు.

ఆడబిడ్డ: ఆ సంగతి పాతది అంటావు. కొత్తవి చెబుతా. 2020 మార్చిలో గుడి మూశారు. తెరిచాక కూడా నెలల తరబడి తీర్థస్నానాలు లేవు. స్నానం లేని రామేశ్వరానికి ఎవరొస్తారు? అది తేరుకునేలోపు, 2022 డిసెంబరులో 1914 నాటి పాత వంతెన మీద రైళ్ళు ఆపేశారు. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమినాడు కొత్త వంతెన తెరిచేదాకా రైలు వంతెనకు ఇవతలి మండపం ఊళ్ళోనే ఆగింది. ముసలివాళ్ళు సామానుతో అక్కడ దిగి బస్సో ఆటోనో పట్టుకోవాలి. మధ్యలో 2024 నవంబరులో ఒక్కరోజే నలభై సెంటీమీటర్లకు పైగా వాన. కింది గదుల్లో మోకాలి లోతు నీళ్ళని నువ్వే ఫోను చేసి ఏడ్చావు. అయిదేళ్ళలో మూడు దెబ్బలు. ఒక దారం మీద వేలాడే వ్యాపారం ఇది. తెంపితే తెగుతుంది.

వదిన: తెగలేదు గదా! మా వీధిలో అప్పు తెచ్చి ఏసీలు, లిఫ్టులు, అద్దాల తలుపులు పెట్టినవాళ్ళు కరోనాలో చేతులెత్తేశారు. బ్యాంకు కిస్తీ ఆగదు, పనివాళ్ళ జీతం ఆగదు. మనకు ఆ రెండూ లేవు. గదులకు తాళాలేసుకుని, రేషను బియ్యం తిని, చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళకు ఇడ్లీలు అమ్మి గడుపుకొచ్చాం. చిన్నది గనుక నిలిచింది. ఇంటిల్లిపాదీ చేసుకుంటాం గనుక నిలిచింది.

ఆడబిడ్డ: నేను చెప్పేది నువ్వే చెప్పావు. జీతం ఇవ్వక్కర్లేని మనిషి ఒకతె ఉంది గనుక నిలిచింది. దెబ్బ తగిలినప్పుడల్లా బ్యాంకు నష్టపోలేదు, గుడి నష్టపోలేదు, మన లాడ్జి కూడా నష్టపోలేదు. నష్టమంతా నీ మోకాలు భరించింది. చిన్న వ్యాపారాలు తట్టుకుని నిలబడతాయని పేపర్లలో గొప్పగా రాస్తారే, ఎక్కడ చూసినా లోపల ఇదే కథ. మా మిల్లు ఆఫీసు ఎదురుగా మెస్ నడిపిన ఆవిడదీ ఇదే, తిరుచ్చి రోడ్డు మీద టిఫిన్ బండి పెట్టినవాళ్ళదీ ఇదే.

మా నాయన చెప్పేవారు గుర్తుందా, జి.డి.నాయుడు గారి సంగతి? ఇక్కడికి దగ్గరే, కలంగల్‌లో పుట్టిన పల్లెటూరి పిల్లవాడు. మోటారు సైకిలు మీద మోజుపడి కోయంబత్తూరు వచ్చి హోటల్లో సర్వరుగా చేరి, కూలి కూడబెట్టి ఆ బండి కొన్నాడు. ఆ తర్వాత ఆయన బస్సులు, మోటార్లు, ఫ్యాక్టరీలు లోకానికంతా తెలిసినవే. కథకు మొదలు ఎక్కడుందో చూడు. సర్వరు పిల్లాడికి కూలి ముట్టింది. ముట్టింది గనుక ఇంకేదైనా అయ్యే వీలు దొరికింది. నీకు ముప్పై ఏళ్ళలో ఒక్క నెల కూలి ముట్టలేదు.

వదిన: మరి నీ కంపెనీవాడు వస్తే నాకేమైనా ముడుతుందా? అద్దె మీ అన్న ఖాతాలో పడుతుంది. నేను ఇక్కడ ఈ ఇంట్లో ఇంకో పొయ్యి ముందు నిలబడతా. లాడ్జిలో కనీసం పదిమంది అమ్మా అని పిలుస్తారు. ఫలానా ఊళ్ళో ఫలానా మనిషి నాకు తెలుసని చెప్పుకోగలను. కడప నుంచి కాకినాడ దాకా నన్ను ఎరిగినవాళ్ళు ఉన్నారు. సింగానల్లూరులో నేనెవరు? నీ అన్న పెళ్ళాన్ని.

ఆడబిడ్డ: వదినా, అందుకే అసలు మాటకు వస్తున్నా. ఇన్నాళ్ళూ ఎట్లా చెప్పాలో తెలీక ఊరుకున్నా. నాయన వీలునామా రాయకుండా పోయారు. అమ్మా లేదు. ఆ స్థలం, కట్టడం నాయన స్వార్జితం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కొడుకుకు సగం, కూతురికి సగం.

వదిన: (కాసేపు ఊరుకుని) అదా సంగతి. లీజు, డాక్టరు, మోకాలు అంటుంటే ఎందుకా అనుకున్నా. నీ వాటా నీకు కావాలంటే అడగడంలో తప్పు లేదు. తిన్నగా అడిగి ఉండాల్సింది.

ఆడబిడ్డ: పూర్తిగా విను. ఆ లాడ్జిలో నేను ఒక్క గది ఊడ్చలేదు. ఒక్క దుప్పటి ఉతకలేదు. ఏడాదికోసారి వచ్చి, మంచి గదిలో పడుకుని, నీ చేతి వంట తిని వచ్చా. నాకు సగం ఉంది. నువ్వు ఆ మెట్ల మీదే ముసలిదానివయ్యావు. చట్టంలో నీకు ఏమీ లేదు. అన్న ఉన్నన్నాళ్ళూ కోడలికి మామ ఆస్తిలో చిల్లిగవ్వ రాదు. లైసెన్సు అన్న పేరు, కరెంటు మీటరు ఇంకా నాయన పేరు, బ్యాంకు ఖాతా అన్న పేరు. ఆ భవనంలో నీ పేరు ఎక్కడైనా ఉందా? రాత్రి రిజిస్టరులో నీ చేతిరాత ఉంది. అంతే. ఆ సగం నా పేరు మీద ఉండటం నాకు సిగ్గుగా ఉంది వదినా. దాన్ని నీ పేరుకు రాస్తా.

వదిన: దానం పుచ్చుకోను.

ఆడబిడ్డ: దానం కాదు, బాకీ.

వదిన: పేరు ఏదైనా, అది ఇస్తే రేపు మీ అన్న ముఖం ఎట్లా చూస్తావు? నీ పిల్లలు ఏమంటారు? ఊళ్ళో ఏమంటారు, ఆడబిడ్డను మాయచేసి రాయించుకుంది అంటారు. ఆస్తి మాట వద్దు. నువ్వు మొదట చెప్పిన మాట మంచిది. జీతం రాయి.

ఆడబిడ్డ: ఏమన్నావు?

వదిన: జీతం. లెక్కల పుస్తకం నీ దగ్గరికే వస్తుంది గదా. ఈ నెల నుంచి ఒక వరస పెట్టు. నా పేరు రాయి. నా పేరుతో బ్యాంకు ఖాతా తెరువు, అందులో వేయించు. మీ అన్న ఏమంటాడంటే, ఇద్దరం ఒకటే గదా, నా డబ్బు నీ డబ్బు కాదా అంటాడు. అన్నప్పుడు ఏం చెప్పాలో నువ్వు నేర్పు.

ఆడబిడ్డ: ఒకటే అయితే ఏ ఖాతాలో ఉంటేనేం, ఇందులోనే ఉండనీ అని చెప్పు.

వదిన: బాగుంది. ఇంకోటి. పై రెండు అంతస్తులకు నేను ఎక్కను. మండపం వైపు నుంచి పనికి వచ్చే ఆడవాళ్ళు ఉన్నారు. చేపలవేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు. ఆ రోజుల్లో వాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగడం కష్టం. మాకు అది సరిగ్గా వేసవి సెలవుల రద్దీ. ఇద్దర్ని పెట్టుకుంటే వాళ్ళకూ మనకూ పని నడుస్తుంది. దుప్పట్లు బయట ఉతికిస్తా. గదికి వంద రూపాయలు పెరుగుతుంది. పెరగనీ.

ఆడబిడ్డ: పెంచితే పోటీకి తట్టుకోగలవా? యాప్‌లో మూడు రూపాయలు తక్కువున్న చోటికి పోయే కాలం.

వదిన: యాప్‌లో చూసి వచ్చేవాళ్ళు మొదటినుంచీ మనవాళ్ళు కాదు. ఆ యాప్‌వాడు వందకు ఇరవై దాకా కోసుకుంటాడు. ఆ ఇరవై నాకు జీతమైతే చాలదా?

ఆడబిడ్డ: అబ్బ, ఇది నాకు తట్టలేదు. పన్ను కూడా ఇప్పుడు కాస్త నయం. వెయ్యిలోపు గదికి 2022 జూలై దాకా జీఎస్టీయే లేదు. తర్వాత 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరులో 5కు దించారు. ఏడాదికి ఇరవై లక్షలు దాటని మనలాంటివాళ్ళు నేరుగా గదులిస్తే రిజిస్టరు కూడా కానక్కర్లేదు. ఈ లెక్కంతా నేను చూస్తా. అయితే అబ్బాయి సంగతి? వాడు ఇంజనీరింగు చదివి చెన్నైలో ఉన్నాడు. నీ తర్వాత ఆ కౌంటరులో కూర్చునేది ఎవరు?

వదిన: వాడు రానక్కర్లేదు. రమ్మని నేను అడగను. బళ్ళో తెలుగు లేకపోయినా, యాత్రికులు రిజిస్టరులో తెలుగున రాసిన ఊళ్ళ పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాడు వాడు. ఆమదాలవలస, తాడేపల్లిగూడెం అని కూడబలుక్కుని చదివేవాడు. ఆ లాడ్జి వాడికి అది ఇచ్చింది, చాలు. నా కాళ్ళు ఆగిపోయాక అప్పుడు లీజుకు ఇస్తావో, అమ్ముతావో, నువ్వూ మీ అన్నా చూసుకోండి. నేనున్నన్నాళ్ళూ మాత్రం ఒంటరిగా వచ్చిన ముసలమ్మకు రామేశ్వరంలో గది ఉండాలి.

ఆడబిడ్డ: అన్న జీతానికి ఒప్పుకోకపోతే?

వదిన: అప్పుడు నీ సగం అడుగు. అడుగుతానని చెప్పు చాలు, ఒప్పుకుంటాడు.

వాదం అక్కడికి ఆగింది. వీళ్ళిద్దరిలో ఎవరి వైపు అని అడిగితే, లాడ్జి ఉండాలన్న విషయంలో నేను వదిన వైపు, జీతం విషయంలో ఆడబిడ్డ వైపు. ఆడి అమావాస్యకు ముందు ఆ ఖాతా తెరవకపోతే లాడ్జి నడపకూడదనే నా తీర్పు. రామేశ్వరంలోనే కాదు, శ్రీశైలంలో, అన్నవరంలో, మంత్రాలయంలో కుటుంబమంతా కలిసి లాడ్జో మెస్సో నడుపుకుంటున్న ప్రతి తెలుగు ఇంటికీ ఇదే నా విన్నపం. ఈ నెల పుస్తకంలో ఇంటి ఆడవాళ్ళ జీతానికి ఒక వరస గీయండి. ఎంత ఇవ్వగలిగితే అంత, వాళ్ళ పేరున, వాళ్ళ ఖాతాలో వేయండి.

రామేశ్వరం వెళ్ళే యాత్రికులకు కూడా ఒక మాట. అలాంటి చిన్న లాడ్జిలో దిగితే గది కోసం నేరుగా ఫోను చేయండి. అద్దె దగ్గర ఆ ఇల్లాలితో బేరమాడకండి. సముద్రం నుంచి రాగానే గడప దగ్గరి బకెట్టులో కాళ్ళు కడుక్కోండి, పంచెకు అంటిన నువ్వులు బయటే దులపండి, తడిబట్టలు గదిలో వదిలి రాకండి. మీ తర్వాత ఆ గదిలోకి వెళ్ళి జాలీ ఎత్తేది ఆమే.